పన్నెండు గడుల పట్టికా, నాలుగు కాలాల వాడుకా?

ఇంగ్లీషు క్రియాకాలాలు మొదలుపెట్టేవారిలో కొందరు 12 గడుల పట్టికను (భూత, వర్తమాన, భవిష్యత్ కాలాలు, ఒక్కోదానికి నాలుగు రూపాలు) కంఠస్థం చేస్తారు. కాలాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి, పరీక్షకు పనికొస్తుంది. కానీ ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యూయస్ (‘విల్ హావ్ బీన్ గోయింగ్’ లాంటి రూపం) రోజువారీ మాటల్లో చాలా అరుదు; దానికోసం మొదట్లోనే తల బద్దలు కొట్టుకోవడం అన్యాయం.

రెండో దారి, సింపుల్ ప్రెజెంట్, ప్రెజెంట్ కంటిన్యూయస్, సింపుల్ పాస్ట్, ‘విల్’తో భవిష్యత్తు: ఈ 4 రూపాలతో రోజూ సొంత వాక్యాలు చెప్పడం. నా ఓటు దీనికే. తెలుగులో ‘రోజూ వెళ్తాను’, ‘రేపు వెళ్తాను’ రెండింటికీ క్రియ ఒకటే. ఇంగ్లీషులో మొదటిది ‘గో’, రెండోది ‘విల్ గో’. ఈ తేడా పట్టిక చూస్తే రాదు, నోటితో పలికితేనే అలవడుతుంది. గో-వెంట్, కమ్-కేమ్ లాంటి క్రియలూ అంతే.

పట్టికను ప్రెజెంట్ పర్ఫెక్ట్ (‘హావ్ గాన్’ లాంటి రూపం) దగ్గరికి వచ్చాక తెరవండి. ‘యెస్టర్‌డే’ ఉన్న వాక్యంలో అది ఎందుకు ఇమడదో అప్పటికి తేలిగ్గా అర్థమవుతుంది.