ఎడిన్‌బరా న్యూ టౌన్‌లో పాత ఫ్లాటు: హోమ్ రిపోర్టును ఎంతవరకు నమ్మొచ్చు?

స్కాట్లాండ్‌లో ఫ్లాటు అమ్మకానికి పెడితే అమ్మేవాళ్లే ఖర్చు పెట్టుకుని హోమ్ రిపోర్టు చేయించాలి. 2008 డిసెంబరు నుంచి ఇది తప్పనిసరి. సర్వే, ఎనర్జీ రిపోర్టు, అమ్మేవాళ్లు నింపిన ప్రశ్నావళి అందులో ఉంటాయి. మామూలు ఇంటికి చాలావరకు సరిపోతుంది. న్యూ టౌన్‌లో లాంటి జార్జియన్ కాలపు (18వ శతాబ్దం, 19వ శతాబ్దం తొలినాళ్ల) లిస్టెడ్ కట్టడంలో, అంటే చారిత్రక విలువ ఉందని ప్రభుత్వ రక్షణ జాబితాకెక్కిన దానిలో, చిన్న ఫ్లాటుకైతే సగం పనే చేస్తుంది.

సర్వేయరు ఒక్కో భాగానికి 1 నుంచి 3 దాకా అంకె వేస్తాడు. 3 అంటే వెంటనే బాగుచేయించాలి, 2 అంటే ముందుముందు చేయించాలి. అందరూ 3ల కోసమే వెతుకుతారు గానీ ఇక్కడ పైకప్పుకు పడ్డ 2 దగ్గర ఆగాలి. సర్వేయరు కప్పు ఎక్కడు, కింది నుంచి చూసి రాస్తాడు. ఈ ఇళ్లలో చాలావాటికి రెండు వాలుల మధ్య సీసపు రేకు పరిచిన కాలువ ఉంటుంది. వీధిలోంచి అది కనిపించదు. చెత్త అడ్డుపడినా, రేకు చీలినా వాననీళ్లు తిన్నగా ఇంట్లోకే దిగుతాయి. ఆఫరు వేసేముందే కప్పు పనివాణ్ని ఎక్కించి ఫొటోలు తీయించండి.

గోడలు ఇసుకరాయివి, కట్టింది సున్నంతో. తర్వాత ఎవరైనా రాళ్ల సందుల్లో సిమెంటు కూరితే చెమ్మ సందుల్లోంచి ఆరే దారి మూసుకుపోయి, రాయి ముఖం పొరలుగా రాలుతుంది.

కింది అంతస్తు కదా, కప్పుతో మనకేం పని అనుకోవద్దు. ఖర్చు ఎవరెంత పెట్టాలో దస్తావేజులు చెప్పకపోతే 2004 టెనెమెంట్ల (ఫ్లాట్లున్న ఉమ్మడి కట్టడాల) చట్టం వర్తిస్తుంది: తలా సమానం. పెద్ద ఫ్లాటు విస్తీర్ణం చిన్నదానికి ఒకటిన్నర రెట్లు దాటితేనే విస్తీర్ణాన్ని బట్టి వాటాలు. చిన్న ఫ్లాటు కొనేవాళ్లు లాయరుతో ముందు తేల్చుకోవాల్సింది ఇదే. పాత ఓనరు ఎగ్గొట్టిన బాకీ మీద పడకుండా, 'నోటీస్ ఆఫ్ పొటెన్షియల్ లయబిలిటీ' (ఆ ఫ్లాటు మీద మరమ్మతు బాకీ ఉండొచ్చని తెలిపే నోటీసు) ఏదైనా రిజిస్టరైందేమో కూడా చూడమనండి.

లిస్టింగ్ ముఖభాగానికే అనుకోవడం పొరపాటు, లోపలికీ వర్తిస్తుంది. ప్రశ్నావళిలో కిటికీలు మార్చామని ఉంటే అనుమతి కాగితం అడగండి. అది లేకపోతే కౌన్సిల్ నోటీసు వచ్చేది కొన్నవాళ్లకే.

ఇక డబ్బు. బ్యాంకు సాధారణంగా రిపోర్టు విలువ మీదే అప్పిస్తుంది. విలువ 2,80,000 పౌండ్లు, మీ ఆఫరు 3,00,000 అయితే పై 20,000 మీ జేబులోదే. రిపోర్టు విలువలో పది శాతం డిపాజిట్‌తో కలిపి 48,000 సిద్ధంగా ఉండాలి, పన్నూ లాయరు ఫీజూ వేరే.