లేని వంతెనల కోసం శ్రీలంక

కితుల్‌గలలో గది తీసుకునేవాళ్ళు రేటు శ్రీలంక రూపాయల్లో చెప్పించుకోండి. డాలర్లలో చెప్పేవాడి దగ్గర అసలు దిగకండి. ఈ ఒక్క ముక్క చెప్పడానికే కూర్చున్నాను. మిగతావి దారిలో దొర్లిన కబుర్లు.

వెళ్ళింది నేనూ, మా బావ. ఏడు రోజులు, చెరో బ్యాగూ వీపున, ఎక్కడికైనా ఎర్రబస్సే. అక్కడి సర్కారు బస్సులు నిజంగానే ఎర్రగా ఉంటాయి. నాకు సినిమా పిచ్చి. బావకి కడియంలో నర్సరీ ఉంది, మొక్కల పిచ్చి. పేరాదెణియ బొటానికల్ గార్డెన్‌లో ఒక పూట వదిలేస్తానని మాటిస్తేగానీ టికెట్టుకి డబ్బులు తియ్యలేదు.

మా నాన్న గడ్డం గీసుకుంటూ ఈలవేసే బాణీ ఒకటుండేది. నురగ మూతికి తగలకుండా పెదాలు ముందుకు చాచి, అదొక్కటే, రోజూ. అది ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’లో ఖైదీలు ఈలవేసుకుంటూ కవాతు చేసే బాణీ అని నాకు డిగ్రీకొచ్చాకగానీ తెలీలేదు. 1957 సినిమా, ఏడు ఆస్కార్లు. కథ జరిగేది థాయ్‌లాండ్‌లో, తీసింది మాత్రం శ్రీలంకలో, కితుల్‌గల దగ్గర కెలని నది మీద. దర్శకుడు డేవిడ్ లీన్ అక్కడ నిజంగానే చెక్క వంతెన కట్టించి, దాని మీద నిజం రైలు నడిపించి, రెండిటినీ కలిపి పేల్చేశాడు. ఆ చోటు చూడాలని ఎప్పట్నించో కోరిక.

కాండీలో రెండు రోజులు హాయిగా గడిచాయి. బావ పేరాదెణియలో పూట అన్నది రోజంతా చేశాడు. మర్నాడు ఆటోలో విక్టోరియా డ్యాం వైపు పోయాం, రానూపోనూ 5,000 శ్రీలంక రూపాయలు (మేం వెళ్ళినప్పుడు మన రూపాయికి వాళ్ళవి మూడున్నర). 1984లో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ద టెంపుల్ ఆఫ్ డూమ్’లో తాళ్ళ వంతెన కట్టింది ఆ లోయ మీదే. మన దేశంలోనే తీద్దామనుకున్నారు. స్క్రిప్టు చూసి మన ప్రభుత్వం అభ్యంతరాలు చెబితే ఇటొచ్చేశారు. అందుకే అందులో ఇండియా పల్లెటూరి జనం ఎంచక్కా సింహళం మాట్లాడుతుంటారు! ఆ వంతెననీ షూటింగ్‌లోనే తెగ్గొట్టేశారు. ఇప్పుడక్కడ లోయా, గాలీ.

“ఒకడు తెంపేశాడు, ఇంకోడు పేల్చేశాడు. లేని వంతెనలు చూపించడానికట్రా ఇంతదూరం లాక్కొచ్చావ్?” అన్నాడు బావ. “మన హేవలాక్ వంతెన 1900 నాటిది, ఇప్పటికీ గోదావరి మీద నిలబడే ఉంది. దాన్ని చూడ్డానికి నాకు పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు.”

కాండీ నుంచి నావలపిటియ మీదుగా గినిగత్‌హేన, అక్కడ కొలంబో బస్సు పట్టుకుంటే కితుల్‌గల. అంతా కలిపి మనిషికి వాళ్ళ రూపాయల్లో 400 లోపే అయింది. కొండ మలుపుల్లో డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు తిప్పుతుంటే బావ రెండు చేతులతో ముందు సీటు కడ్డీని పట్టుకున్నాడు.

ఇక గది సంగతి. ఆన్‌లైన్‌లో ‘నదివైపు గది, వేడినీళ్ళు, 22 డాలర్లు’ అని ఉంది. తీరా వెళ్తే, ఆ గది కొలంబో నుంచి రాఫ్టింగ్‌కొచ్చిన కుర్రాళ్ళకి ఇచ్చేశారట. వెనకాల మెట్లెక్కించి ఇంకో గది చూపించారు. కిటికీ తీస్తే అరచెయ్యి దూరంలో కొండగోడ, దానికి నాచు. “నది ఏదండీ?” అంటే ఆ కుర్రాడు చెవి దగ్గర చెయ్యి పెట్టి “వినిపిస్తుంది సార్” అన్నాడు. విన్నాం. అది నది కాదు, కిందింటి వాటర్ మోటారు. వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఏడు దాకానే, అదీ బకెట్‌లో. దుప్పటి తడి. బావ ఆ రాత్రి లుంగీ కప్పుకుని, నాతో మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి వంతెన చోటికి నడిచే వెళ్ళాం. గైడు కావాలా, ఆటో కావాలా అని ముగ్గురు వెంటపడ్డారు. ఒకాయన 2,000 నుంచి మొదలెట్టి 500కి దిగాడు. ఏమీ అక్కర్లేదు. రోడ్డు మీద బోర్డు కనిపిస్తుంది, అక్కణ్ణుంచి చెట్లలో కిందికి బాట. రాత్రి వానకి అంతా జారుడే, చెప్పులతో మాత్రం దిగకండి.

కింద ఏముందంటే, ఏమీ లేదు. గట్టున బండల మధ్య సిమెంటు దిమ్మలు, వంతెన కాళ్ళు దిగేసిన పునాదులు. ఒకదాని నెత్తిన ఫెర్న్ మొలిచింది. పక్కన ఒకామె బట్టలు ఉతుక్కుంటోంది. నాకు మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. సినిమాలో చూసిన ఆ నది వంపు, అవతల అడవి, గుర్తుపట్టేంతగా అలాగే ఉన్నాయి. దిమ్మ మీద కూర్చుని నాన్న బాణీ ఈలవేశాను, సగంలో ఊపిరి చాల్లేదు.

అసలు క్వాయ్ వంతెన థాయ్‌లాండ్ కాంచనబురిలో ఇప్పటికీ ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో బర్మాకి వేసిన ఆ రైలుమార్గం కోసం జపాన్‌వాళ్ళు యుద్ధఖైదీలతో పాటు మలయా (ఇప్పటి మలేషియా) రబ్బరుతోటల నుంచి మన దక్షిణాది కూలీలనీ పట్టుకెళ్ళారు, వేలల్లో పోయారు. సినిమా తెల్ల ఖైదీల కథే చెబుతుంది. ఆ కోపం నాకు ఉండనే ఉంది, అయినా ఈల మానలేను.

నేనిలా ఉంటే బావ తలెత్తి చూస్తున్నాడు. “ఒరేయ్, ఇది జీలుగు రా!” అన్నాడు. చేపతోకలాంటి ఆకులు, వేలాడే గెలలు. మన రంపచోడవరం వైపు కల్లు గీసే జీలుగు చెట్టే. ఇక్కడివాళ్ళు దాన్ని కితుల్ అంటారు, ఊరి పేరులో ఉన్నదీ అదే. అంతవరకూ ముటముటలాడిన మనిషి ఆ చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగి, నా ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయేదాకా ఫొటోలు తీశాడు.

పైన రోడ్డు పక్క పాకహోటల్లో అన్నం తిన్నాం. ఎర్రబియ్యం, పప్పు, లేత పనసకాయ కూర, కొబ్బరిలో ఎండుమిరపా ఉల్లిపాయా నూరి నిమ్మకాయ పిండిన పోల్ సంబోల్. పనసకూర వేపుడు మసాలాతో నల్లగా, మాంసంలా పీసుపీసుగా ఊడొస్తోంది. అడక్కుండానే రెండోసారి వడ్డించింది ఆవిడ. చివర్లో గేదెపెరుగు, పైన కితుల్ పాకం. బావ గిన్నె వేలితో తుడిచి నాకాడు. ఇద్దరికీ 1,300. పెరుగుకి డబ్బులు తీసుకోనంటే బలవంతాన ఇచ్చాం.

ఆ సంతోషంతో గదికెళ్తే బిల్లు: 7,986. ఆ రోజు బ్యాంకులో డాలరు 300, ఇతను 330 కట్టాడు. పైన పదిశాతం సర్వీస్ ఛార్జీ. ఏం సర్వీసయ్యా అంటే “బకెట్ పైకి తెచ్చారు కదా” అన్నాడు. ఇవ్వాల్సింది 6,600. తేడా మన డబ్బుల్లో నాలుగొందలు. నాలుగొందలకి ఇంత గోలా అనకండి, గోడని చూపించి నది డబ్బులు తీసుకున్నందుకు నా మంట. అరగంట వాదించాను. బావ “ఇచ్చెయ్‌రా, బస్సు పోద్ది” అని తనే ఇచ్చేశాడు.

కొలంబో బస్సులో సీటు దొరికింది. అవిస్సావెల్ల దాటాక బావ కాలు దురదగా ఉందని బూటు విప్పాడు. సాక్సు ఎర్రగా తడిసి ఉంది, లోపల ద్రాక్షపండంత జలగ. కండక్టరు నవ్వి జేబులోంచి సబ్బుముక్క తీసి రాశాడు, ఊడిపోయింది.

బావ దాన్ని కిటికీలోంచి పారేస్తూ అన్నాడు: “ఇది నయం రా, పదిశాతం విడిగా వెయ్యలేదు.”