స్పార్క్‌స్టేషన్ 5తో నాలుగేళ్లు: డిస్కు సులువే, తంటా అంతా టేపుతోనే

నాలుగేళ్ల కిందట కాలిఫోర్నియాలో పాత కంప్యూటర్లు అమ్మే ఒకాయన దగ్గర సన్ కంపెనీ కంప్యూటర్ స్పార్క్‌స్టేషన్ 5 కొన్నాను, దాంతో పాటే బయట పెట్టుకునే డీడీఎస్-2 టేప్ డ్రైవ్ (బ్యాకప్‌లను చిన్న క్యాసెట్ల మీద రాసేది) కూడా. 1994లో వచ్చిన మెషీన్ ఇది. సన్ వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్ 2.6 వేసి ఇప్పటికీ వారానికోసారి ఆన్ చేస్తుంటాను.

డిస్కు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. లోపలి డిస్కులకు 80 పిన్నుల కనెక్టర్ ఉంటుంది, నంబరు కోసం జంపర్లు పీకి పెట్టే పని లేదు, ఏ గూట్లోకి తోస్తే ఆ గూటి స్కజీ నంబరే దానికి వస్తుంది (డిస్కులు, టేపు ఒకే తీగ మీద కలిసే పద్ధతి స్కజీ, అందులో ఒక్కోదానికి ఒక్కో నంబరు). బూట్ డిస్కుది 3. వేరే మెషీన్లోంచి తీసిన డిస్కు పెడితే లేబుల్ (డిస్కు భాగాల పట్టిక) లేదు, వేయమంటావా అని ఫార్మాట్ కమాండ్ అడుగుతుంది, సరే అనండి. డిస్కు భాగాల్లో స్లైస్ 2 అనే దాని జోలికి మాత్రం వెళ్లకండి, అది మొత్తం డిస్కుకి గుర్తు.

టేప్ దగ్గరే నా ఓపిక పరీక్షకొచ్చింది. డ్రైవ్ వెనక చిన్న నంబర్ల స్విచ్ ఉంటుంది, అమ్మినాయన దాన్ని 3 మీద వదిలేశాడు, బూట్ డిస్కుతో గొడవపడి మెషీన్ అసలు లేవలేదు. టేపుకి 4 పెట్టడం సన్ అలవాటు, సీడీకి 6, 7 కంట్రోలర్‌ది. 4కి మార్చాక ఓకే ప్రాంప్ట్‌లో (సొలారిస్ లేవకముందు కమాండ్లు కొట్టే చోటు) ప్రోబ్-స్కజీ కొడితే డ్రైవ్ కనిపించింది, హమ్మయ్య అనుకున్నా. (సొలారిస్ నడుస్తుండగా స్టాప్-ఏ నొక్కి ఓకే ప్రాంప్ట్‌కి వచ్చి ఈ కమాండ్ కొట్టొద్దు, మెషీన్ బిగుసుకుపోవచ్చు, ముందు ఆటో-బూట్ ఆపి రీసెట్ చేయండి.) తర్వాత బూట్ -ఆర్ అంటేనే సొలారిస్ కొత్త పరికరాన్ని వెతికి టేపుకి /డెవ్/ఆర్‌ఎంటీ/0 అనే పేరు తయారు చేస్తుంది, మామూలుగా బూట్ చేసి టేపేదీ అని రెండు గంటలు వెతుక్కున్నవాణ్ని నేనే. అప్పటికీ పెద్ద బ్యాకప్ మధ్యలో ఎర్రర్లు ఆగలేదు, చూస్తే కేబుల్ చివర టర్మినేటర్ (సిగ్నల్ వెనక్కి తిరగకుండా ఆపే మూత) లేదు.

అన్నీ కుదిరాక అసలు దెబ్బ తగిలింది. డిస్కులోని రూట్, యూజర్, హోమ్ భాగాలు మూడింటినీ వరసగా, బ్యాకప్ తీసే యూఎఫ్ఎస్‌డంప్‌తో ఒకే టేపు మీద రాశాను, మూడూ ఎర్రర్ లేకుండా అయ్యాయి. ఆరు నెలల తర్వాత రూట్ పాడై తిరిగి తెద్దామంటే టేపు మీద హోమ్ ఒక్కటే ఉంది! 0 అనే పేరుతో రాస్తే పని అవగానే టేపు మొదటికి చుట్టేస్తుంది, తర్వాతి డంప్ దాని మీదే పడుతుంది. చుట్టకుండా ఉండాలంటే 0ఎన్ అని రాయాలి. ఒక్క అక్షరం! ఇప్పుడు రాసిన ప్రతిసారీ టేపుని నడిపే ఎంటీ కమాండ్‌తో రివైండ్ చేసి, ఎఫ్ఎస్ఎఫ్ 2 అని మూడో డంప్ దాకా జరిపి, బ్యాకప్ తిరిగి తెచ్చే యూఎఫ్ఎస్‌రిస్టోర్‌తో లిస్టు చూస్తే గానీ నాకు టెన్షన్ తగ్గదు.

పాత డిస్కుల చప్పుడు భరించలేక పోయినేడాది అడాప్టర్ తగిలించి ఎస్‌డీ కార్డుతో నడిచే స్కజీ బోర్డు పెట్టాను, హాయిగా ఉంది. టేప్ డ్రైవ్ మాత్రం అదే, కుదించకుండా ఒక్కో టేపులో 4 జీబీ పడుతుంది, నా మెషీన్‌కి అది ఎక్కువే. కొనేవాళ్లు డ్రైవ్‌తో పాటు క్లీనింగ్ టేపు, టర్మినేటర్ అడిగి మరీ తీసుకోండి.