ఫెన్‌వే పార్క్: ఎడమవైపు గోడ కోసమైనా వెళ్లాలి

1912లో ప్రారంభమైన అమెరికాలోని బోస్టన్‌ బేస్‌బాల్ స్టేడియం ఫెన్‌వే పార్క్, సెలవు రోజుల్లో ఔత్సాహిక జట్టుకు లెఫ్ట్ ఫీల్డ్‌లో, అంటే మైదానం ఎడమవైపు దూరపు భాగంలో, ఆడే నాలాంటివాడికి ఆటతో పాటు పాఠం కూడా చెప్పే మైదానం. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి ఎడమ హద్దు చివరన ఉండే ఫౌల్ పోల్‌కు దూరం 310 అడుగులే కాగా, ఆ కొరతను 37 అడుగుల ఎత్తైన ‘గ్రీన్ మాన్‌స్టర్’ గోడ తీరుస్తుంది. అందుకే మరోచోట హద్దు దాటి హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) కావలసిన బంతి ఇక్కడ గోడకు తగిలి వెనక్కి వస్తుంది, క్యాచ్ కావలసినది ఒక్కోసారి గోడ దాటిపోతుంది. బంతి వెంటపడకుండా, అది ఎగిరిపడే చోటును ముందే అంచనా వేసి నిలబడి, అందుకున్నదే తడవుగా సెకండ్ బేస్‌కు (పరుగెత్తే ఆటగాడు చేరాల్సిన రెండో మజిలీకి) విసిరే ఫీల్డర్ నేర్పు టీవీలో పూర్తిగా కనిపించదు. గోడ అడుగున ఉన్న స్కోరుబోర్డు అంకెలను ఇప్పటికీ మనుషులే చేత్తో మారుస్తారు. గ్రాండ్‌స్టాండ్‌లోని పాతకాలపు చెక్క సీట్లు ఇరుకు. కొన్నింటికి స్తంభాలు అడ్డు కనుక టికెట్ వివరాలు చదివి కొనడం మేలు. 2023లో బంతి విసరడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ వచ్చాక ఆట చురుకైంది, పిల్లలతో వెళ్లేవారికి అదొక ఊరట.