రైటింగ్ ట్యూటర్ ట్రైనింగ్ కిట్: చాలా బ్యాచ్‌లకి వాడాక రాస్తున్న రివ్యూ

కొత్తగా చేరిన రైటింగ్ ట్యూటర్లని స్టూడెంట్స్ ముందు కూర్చోబెట్టేలోపు మేం వాడే కిట్ ఇది. హ్యాండ్‌బుక్, శాంపిల్ వ్యాసాలు, అబ్జర్వేషన్ ఫారాలు ఏ కిట్‌లో అయినా ఉండేవే, వాటి జోలికి పోను. దీన్ని ఇన్నాళ్లూ వదలకపోవడానికి కారణం ఒక్కటే, మాక్ సెషన్.

ఇందులో ట్రైనీ ముందు స్టూడెంట్ కుర్చీలో కూర్చోవాలి, అదీ తన సొంత డ్రాఫ్ట్‌తో, ఇంకా పూర్తికానిది అయితేనే. దాన్ని పైకి చదవాలి. ఎంత బాగా రాసేవాళ్లకైనా అక్కడ గొంతు తగ్గిపోతుంది, రెండో పేరాకి రాగానే "ఇది ఇంకా సరిగ్గా రాలేదండీ" అని ముందే చెప్పేసుకుంటారు. అప్పుడు అవతలివాళ్లు పెన్ను తీసి మొదటి లైన్లోనే కామా దిద్దితే ఎలా ఉంటుందో తెలిసొస్తుంది. ఇక పెన్ను స్టూడెంట్ చేతిలోనే ఉంచండి, ముందు వాదన చూడండి, కామాలు చివర్లో చూడొచ్చు అని నేను విడిగా చెప్పాల్సిన పనే ఉండదు. నాకైతే ఇది ప్రాణం.

కానీ ఒక బ్యాచ్‌లో ఈ కిట్ గట్టిగా దెబ్బకొట్టింది. ట్రైనింగ్ అంతా చక్కగా చేసిన ఒక ట్యూటర్ దగ్గరికి, ఇంగ్లీష్ రెండో భాషగా నేర్చుకున్న స్టూడెంట్ వచ్చారు. ఒక వాక్యంలో 'ద' (the) అనే ఆర్టికల్ రావాలి. ట్యూటర్ కిట్‌లో ఉన్నట్టే "ఇక్కడ ఏం రావాలనుకుంటున్నారు?" అని అడిగారు. ఆ స్టూడెంట్ 'ఎ' (a) రాసి, చెరిపి, ఏమీ లేకుండా వదిలేసి, ట్యూటర్ మొహం చూసి మళ్లీ 'ఎ' రాసి, చివరికి రబ్బరుతో రుద్దీ రుద్దీ కాగితం చిరిగింది. "మీకు తెలుసు కదా, చెప్పేయొచ్చు కదా" అనేసి ఇక మాట్లాడలేదు.

తప్పు ఆ ట్యూటర్‌ది కాదు, కిట్‌దే. చెప్పకు, అడుగు అనే ఈ పద్ధతిని రైటింగ్ ట్యూటరింగ్ మీద రాసిన జెఫ్ బ్రూక్స్ 1991లో గట్టిగా సమర్థించారు, 1995లోనే లిండా షమూన్, డెబొరా బర్న్స్ కొన్నిచోట్ల నేరుగా చెప్పి చూపించడమే పనికొస్తుందని ఎదురు రాశారు. కిట్‌లో మొదటిది మాత్రమే ఉంది! స్టూడెంట్ ఏం చెప్పాలనుకున్నారో అది వాళ్ల మనసులోనే ఉంటుంది కాబట్టి అడిగితే బయటికొస్తుంది, భాష రూల్ తెలియకపోతే ఎన్నిసార్లు అడిగినా రాదు. అక్కడ చెప్పేసి, ఒక ఉదాహరణ చూపించి, తర్వాతి వాక్యం వాళ్లతో చేయించాలి. ఇప్పుడు మేం మాక్ సెషన్‌కి రెండో రౌండ్ కలిపాం, ఎక్కడ అడగాలో ఎక్కడ చెప్పాలో ట్రైనీ అక్కడికక్కడే తేల్చుకోవాలి.

కొనొచ్చా అంటే, మా బ్యాచ్‌లు చిన్నవి, పక్కన కూర్చుని చూడటానికి అనుభవమున్న ట్యూటర్లున్నారు, అందుకే మాకు కుదిరింది. ట్యూటర్ ట్రైనింగ్ ప్రోగ్రామ్‌లకి గుర్తింపునిచ్చే అమెరికా సంస్థ సి.ఆర్.ఎల్.ఎ. (కాలేజ్ రీడింగ్ అండ్ లెర్నింగ్ అసోసియేషన్) లెవెల్ 1 సర్టిఫికేషన్‌కి కావాల్సింది కనీసం 10 గంటల ట్రైనింగ్, అంతవరకే టైమ్ ఉన్నవాళ్లకి ఈ సెషన్లకే చాలా భాగం పోతుంది. ఒకరికొకరు పరిచయం లేని గ్రూప్ అయితే మొదటిరోజే సొంత డ్రాఫ్ట్ చదవమనకండి, రెండో వారానికి జరపండి.