నోటి సక్షన్ గొట్టం: రోజూ కొత్తదా, కడిగి వాడటమా?

పక్షవాతం వచ్చి మింగలేని మనిషి ఇంట్లో ఉంటే, నోట్లోని కళ్లె, లాలాజలం లాగేసే సక్షన్ మెషిన్ అవసరం పడొచ్చు. నోట్లో పెట్టే గొట్టం రోజూ మార్చాలా అన్నదే అందరికీ టెన్షన్.

ఖర్చు: రోజూ కొత్తదైతే నెల తిరిగేసరికి బిల్లు పెరుగుతుంది. కడిగితే సబ్బు, నీళ్ల ఖర్చే.

శ్రమ: కొత్తదైతే ప్యాకెట్ చింపితే చాలు. కానీ మందస వైపు ఊళ్ల నుంచి శ్రీకాకుళం వెళ్లి తేవాలంటే ఒక పూట పోతుంది, అందుకే ఒకేసారి ఎక్కువ తెచ్చుకోండి.

రిస్కు: అసలు సంగతి ఇదే. గొట్టం లోపల కళ్లె ఆరితే జిగురు పొరలా పట్టేస్తుంది, అందులో క్రిములు పెరుగుతాయి. ఆ పొర పైపైన కడిగితే వదలదు. అది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. కడిగి వాడేవాళ్లు కళ్లె తీసిన ప్రతిసారీ గొట్టంతో కాచి చల్లార్చిన నీళ్లు లాగించాలి, బావినీళ్లు వద్దు. తర్వాత ఆరబెట్టి, మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో పెట్టాలి. దిండు కింద దోపకండి. ప్లాస్టిక్ గొట్టాన్ని మరిగిస్తే మెత్తబడిపోతుంది.

లాగిన కళ్లె చేరే మెషిన్ జాడీని ఏ పద్ధతిలోనైనా రోజూ ఖాళీ చేసి కడగాల్సిందే.

గొంతుకి రంధ్రం చేసినవాళ్లకి, ఆసుపత్రిలో ఉన్నవాళ్లకి కొత్తదే. నోటికి వాడింది గొంతు రంధ్రంలో అస్సలు పెట్టొద్దు. ఇంట్లో నిలకడగా ఉండి, నోట్లో లాలాజలం మాత్రమే తీసే మనిషికైతే, డాక్టర్ ఒప్పుకుంటే కడిగి వాడొచ్చు. రంగు మారినా, వాసన వచ్చినా, గట్టిపడినా ఆ రోజే పారేయండి.