ఊరికి దూరంగా సైకియాట్రీ పోస్టింగ్: పెట్టిన డబ్బుకి ఏం దక్కుతుంది?

కాలేజీ రాయలసీమలో, సైకియాట్రీ (మానసిక వైద్యం) పోస్టింగ్, అంటే ఆసుపత్రిలో చేసే ప్రాక్టికల్ శిక్షణ, విశాఖలో. బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు పిల్లలకి ఇది మామూలే. సొంత సైకియాట్రీ వార్డు లేని కాలేజీలు బ్యాచ్‌లని విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకో, హైదరాబాద్ ఎర్రగడ్డకో, బెంగళూరు నిమ్హాన్స్‌కో పంపిస్తుంటాయి. ఈ రివ్యూ ఆ ఆసుపత్రుల గురించి కాదు. కాలేజీ మన దగ్గర డబ్బు కట్టించుకుని చేసే నెల రోజుల ఏర్పాటు గురించి. నేర్చుకునే సరుకుకి అయిదుకి నాలుగున్నర ఇవ్వొచ్చు, ఏర్పాట్లకి రెండు ఎక్కువే.

కొత్త సిలబస్‌లో మెంటల్ హెల్త్ నర్సింగ్ క్లినికల్ మొత్తం 240 గంటలు: అయిదో సెమిస్టర్‌లో 80, ఆరులో 160. అందులో సగం ఇన్‌పేషెంట్ వార్డుదే. వార్డులో రాయమన్నది తక్కువే. కేస్ స్టడీ ఒకటి, ప్రెజెంటేషన్ ఒకటి, పేషెంట్‌తో జరిగిన మాటలు రాసే ప్రాసెస్ రికార్డింగ్‌లు రెండు, కేర్ ప్లాన్, డ్రగ్ బుక్. కొన్ని కాలేజీలు దీన్ని మూడింతలు చేస్తాయి. అక్కడే పోస్టింగ్ చెడుతుంది. పేషెంట్ బెంచీ మీద ఖాళీగా కూర్చుని ఉంటాడు, పిల్లలు వరండాలో సీనియర్ల రికార్డు చూసి దింపుకుంటూ ఉంటారు. ఇంత దూరం వచ్చింది ఆ బెంచీ కోసం.

మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్ (పేషెంట్ మానసిక స్థితి పరీక్ష) పుస్తకంలో ఎంత చదివినా నోటికి రాదు, మనిషి ఎదురుగా ఉండాలి. ఏకాగ్రతకి నూరులోంచి ఏడేడు తీసెయ్యమంటాం. చదువుకోని పెద్దాయన్ని అలా అడిగితే తేలేది ఆయన లెక్కలే తప్ప ఏకాగ్రత కాదు. వారాల పేర్లు వెనక్కి చెప్పమనండి. అబ్‌స్ట్రాక్షన్‌కి, అంటే మాట వెనక భావం పట్టగలరా అని చూడ్డానికి, గైడులోని ఇంగ్లీషు సామెతలు వద్దు. ‘దూరపు కొండలు నునుపు’ అంటే ఏంటని అడగండి. ‘కొండ దూరం నుంచి నున్నగా కనపడతాది’ అంటే మాటకి మాటే చెప్పినట్టు. ‘దగ్గరికెళ్తే గానీ అసలు సంగతి తెలీదు’ అంటే భావం పట్టినట్టు. ఒక్క సామెతతో తేల్చెయ్యకుండా రెండు మూడు అడగాలి.

యాసతో ఇంకో చిక్కు. ఉత్తరాంధ్ర పేషెంట్ ‘నాకేటీ బాగోనేదు’ అంటే అనంతపురం అమ్మాయి రికార్డులో ‘రోగి అనారోగ్యంగా ఉన్నట్టు తెలిపెను’ అని రాస్తుంది. ప్రాసెస్ రికార్డింగ్ ప్రాణమంతా అన్నది అన్నట్టు రాయడంలోనే ఉంది. మాట అర్థం కాకపోతే లోకల్ స్టాఫ్ నర్సుని అడగండి, ఊహించి పూరించొద్దు.

ఈసీటీ (కరెంటు షాక్ చికిత్స) గది చూసే అవకాశం వస్తే వదులుకోకండి. మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది, కాబట్టి సినిమాల్లో చూసింది మర్చిపోండి. విద్యార్థి చేతికొచ్చేది ముందు రోజు పని, తప్పులు జరిగేదీ అక్కడే. కనీసం ఆరు గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. పక్క మంచం వాళ్లు ప్రేమగా ఇచ్చిన అర గ్లాసు టీతో ఆ రోజు ప్రొసీజర్ ఆగిపోతుంది. తలకి నూనె ఉంటే ఎలక్ట్రోడ్ సరిగ్గా అంటుకోదు, చర్మం కాలే ప్రమాదం కూడా ఉంది. అందుకే ముందు రోజే తలస్నానం చేయించాలి. మన ఆడవాళ్ల జడల సంగతి తెలిసిందేగా, చిక్కు తీసేసరికే గంట.

మందుల టైములో మాత్ర మింగాక నోరు తెరిపించి, నాలుక కింద, బుగ్గ సందులో దాచుకున్నారేమో చూడాలి. హలోపెరిడాల్ అనే మానసిక జబ్బుల మందు మీద ఉన్నవాళ్లకి ఉన్నట్టుండి మెడ పక్కకి బిగుసుకుంటే అది నటన కాదు, డిస్టోనియా, అంటే మందు వల్ల కండరాలు బిగుసుకోవడం. వెంటనే సిస్టర్‌కి చెప్పాలి. లిథియం మందు రక్తంలో ఎంతుందో చూసే శాంపిల్ ఆఖరి డోసుకి 12 గంటల తర్వాత తీస్తారు. పొద్దున్న మాత్ర ముందే వేసేస్తే ఆ రిపోర్టు ఎందుకూ పనికిరాదు.

ఇక ఏర్పాట్లు. కడప, తిరుపతి నుంచి తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేయించి, దిగిన రోజే డ్యూటీకి పంపే కాలేజీలున్నాయి. ఒక రోజు విరామం ముందే అడిగి రాయించుకోండి. పదిమందికి ఒక ట్యూటర్ ఉండాలి, ఆవిడ రాత్రి కూడా అదే బసలో ఉంటారో లేదో కనుక్కోండి. క్లినికల్ ఫీజు, బస, భోజనం విడివిడిగా రసీదులో ఉండాలి. ‘పోస్టింగ్ ఖర్చులు’ అని ఒకే ముద్దగా కట్టించుకుంటే తర్వాత దేనికీ లెక్క దొరకదు. అద్దె గదిలో ఎనిమిదిమందికి ఒక బాత్రూమ్ అయితే పొద్దున ఎనిమిది గంటల డ్యూటీ రోజూ లేటే. వార్డుకి గాజులు, వేలాడే చెవి రింగులు, మెడలో ఐడీ తాడు వద్దు. కార్డు క్లిప్‌తో పెట్టుకోండి.

తిరుగు టికెట్ ఆఖరి డ్యూటీ రోజుకే తియ్యొద్దని పట్టుబట్టండి. నెల రోజులు మాట్లాడిన పేషెంట్‌కి వెళ్లిపోతున్నామని వారం ముందు నుంచే చెప్పాలి, చివరి రోజు కూర్చుని మరోసారి చెప్పాలి. ఫోన్ నంబర్ ఇవ్వకూడదు, ‘మళ్లీ వస్తా పెద్దమ్మా’ అనకూడదు. స్టేషన్‌కి పరుగెత్తే హడావిడిలో సంతకాలు పెట్టించుకోవడమే జరుగుతుంది. మర్నాడు ఆవిడ గుమ్మం దగ్గర కాచుకుని కూర్చుంటుంది.